కూర్చుని తింటే కండలూ కరుగుతాయి



ఈ సంచికకి ఆరోగ్యం గురించి ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, సుగరు గురించో కొలెస్టరాల్ గురించో రాద్దామనుకున్నాను. కానీ కిందటేడాది మన కార్తీక వనభోజనాల్లో చూసిన ఒక దృశ్యం మనసులోంచి పోలేదు. పిల్లలు గడ్డిలో పరుగులు పెడుతున్నారు. మగవాళ్ళు వాలీబాల్ ఆడుతున్నారు. ఆడవాళ్ళు చెట్టు కింద అంత్యాక్షరి మొదలుపెట్టారు. మన పెద్దవాళ్ళు మాత్రం షెల్టరు కింద మడత కుర్చీల్లో వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరైనా లేవబోతే చాలు, "మీరు కూర్చోండి అత్తయ్యగారూ, ప్లేటు నేను తెస్తాను", "మామయ్యగారూ, అక్కడ గతుకులున్నాయి, వెళ్ళకండి" అని చుట్టుపక్కల నుంచి నాలుగు గొంతులు. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా వాళ్ళు ఆ కుర్చీల్లోనే ఉన్నారు. ఆ గొంతుల్లో నాదీ ఒకటి.

వనభోజనం అంటే ఉసిరి చెట్టు వెతుక్కుంటూ ఊరి బయట తోటకి నడిచి వెళ్ళడం. అక్కడే కట్టెలు ఏరుకుని, నీళ్ళు మోసుకుని, వండుకుని తినడం. అందులో భోజనం ఎంతో నడక కూడా అంతే. మనం ఇక్కడ భోజనం ఉంచుకుని నడక తీసేశాం. ముఖ్యంగా పెద్దవాళ్ళకి తీసేశాం. ప్రేమతోనే తీసేశాం. ఆ ప్రేమ వాళ్ళకి ఎంత నష్టం చేస్తుందో నేను మా నాన్నగారి విషయంలో కళ్ళారా చూశాను. ఆ సంగతే ముందు చెబుతాను.

మా నాన్నగారి ఆరు నెలలు

మా నాన్నగారు ఒంగోలులో కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే అయిదింటికి లేచి హైస్కూలు గ్రౌండులో నడిచేవారు. పాలకీ, కూరలకీ, బ్యాంకుకీ అన్నిటికీ నడకో సైకిలో. 2014 జూన్‌లో అమ్మతో కలిసి మొదటిసారి మా ఇంటికి వచ్చారు. అప్పటికి ఆయన వయసు 71. మా అబ్బాయికి రెండో ఏడు. వాడి పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయిస్తాననీ, అలిపిరి నుంచి మెట్ల దారిలో తానే వెంటబెట్టుకుని వెళ్తాననీ నాన్న మొక్కుకున్నారు.

మా సబ్‌డివిజన్‌లో సైడ్‌వాక్ లేదు. మొదటి వారం ఒక్కరే రోడ్డు మీద నడుస్తుంటే కార్లు వేగంగా పోతున్నాయని నేను భయపడి వద్దన్నాను. మా ఆయన ఒక మంచి రిక్లైనర్ కొన్నారు. నేను తెలుగు ఛానళ్ళు పెట్టించాను. ఆయన మంచినీళ్ళకి లేస్తే, "నాన్నా, మీరెందుకు లేస్తారు, నేను తెస్తాగా" అనేదాన్ని. గ్రోసరీకి కారు, గుడికి కారు, ఎదురింటికి కూడా కారే. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం పకోడీ. "మా అమ్మాయి నన్ను మహారాజులా చూసుకుంటోంది" అని ఫోనులో చుట్టాలందరికీ చెప్పుకునేవారు. నాకూ గర్వంగా ఉండేది.

డిసెంబరులో అందరం కలిసి ఇండియా వెళ్ళాం. జనవరిలో అలిపిరి పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్లెక్కడం మొదలుపెట్టాం. ఆ దారిలో మొదట వచ్చే మెట్లే నిటారు. రెండు వందల మెట్లకే నాన్న ఆగిపోయారు. తొడలు వణుకుతున్నాయన్నారు. పది నిమిషాలు కూర్చుని మళ్ళీ లేచారు. ఇంకో నలభై మెట్లు ఎక్కి కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు. గుండెదేమో అని నా ప్రాణం పోయినంత పనైంది. ఆయాసం పెద్దగా లేదు, నొప్పి లేదు, చెమటలు లేవు. తరువాత చేయించిన పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. తొడల్లో బలం లేదు, అంతే. చెయ్యి పట్టుకుని కిందకి దింపి, బస్సులో కొండ మీదకి తీసుకెళ్ళాను.

బస్సులో ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా అన్నారు, "అమ్మడూ, ఆర్నెల్ల కిందట నేను ఇలా లేనే!"

రోజూ క్లినిక్‌లో ఇరవై మందికి నడవండి, నడవండి అని చెప్పే డాక్టరుని నేను. మా ఇంట్లో మా నాన్ననే ఆరు నెలలు కూర్చోబెట్టాను.

కూర్చుంటే లోపల ఏం జరుగుతుంది?

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన సామెత. ఆస్తి గురించి అన్న మాటే అయినా, ఒంటికి అచ్చంగా సరిపోతుంది. ముప్ఫై, నలభై ఏళ్ళు దాటాక మన కండ మెల్లిమెల్లిగా తగ్గడం మొదలవుతుంది. అరవై దాటాక ఆ తరుగు ఇంకా వేగంగా ఉంటుంది. దీన్ని సార్కోపీనియా అంటారు. వయసు వల్ల వచ్చే తరుగు నెమ్మదైనది. కూర్చోవడం వల్ల వచ్చే తరుగు వేగమైనది. మనం ఈ రెండోదాన్ని కూడా వయసు ఖాతాలోనే రాసేస్తాం. పొరపాటంతా అక్కడే ఉంది.

దీనికి వైద్యశాస్త్రంలో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1966లో డల్లాస్‌లో ఇరవై ఏళ్ళ వయసున్న అయిదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళని మూడు వారాల పాటు మంచం మీదే ఉంచి, వాళ్ళ దమ్ము ఎంత తగ్గిందో కొలిచారు. ముప్ఫై ఏళ్ళ తరువాత అదే అయిదుగురినీ పిలిచి మళ్ళీ కొలిచారు. ముప్ఫై ఏళ్ళ వయసు తగ్గించిన దమ్ము కన్నా, అప్పట్లో ఆ మూడు వారాల మంచం తగ్గించిన దమ్మే ఎక్కువని తేలింది! ఇంకా మంచి కబురేమిటంటే, యాభై దాటిన ఆ అయిదుగురికీ ఆరు నెలలు నడక, సైకిలు, మెల్లని పరుగు క్రమంగా పెంచుతూ చేయిస్తే, ముప్ఫై ఏళ్ళలో పోయిన దమ్ము తిరిగి వచ్చింది.

పెద్దవాళ్ళ విషయంలో మంచం ఇంకా ప్రమాదం. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు పది రోజులు మంచం మీద ఉంటే కాళ్ళలోని కండ దాదాపు ఒక కిలో కరిగిపోయింది. జ్వరం వచ్చి వారం రోజులు పడుకున్న బామ్మగారు ఆ తరువాత బాత్‌రూమ్‌కి వెళ్ళడానికి కూడా గోడ పట్టుకోవడం ఇందుకే.

మరి పోయిన బలం తొంభై ఏళ్ళకి కూడా వస్తుందా? వస్తుంది. 1990లో బోస్టన్‌లో, నర్సింగ్ హోమ్‌లో ఉంటున్న తొంభై ఏళ్ళ వాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తే వ్యాయామం చేయించారు. వాళ్ళ కాళ్ళ బలం సగటున రెట్టింపు కంటే ఎక్కువ పెరిగింది. 2014లో వెలువడిన ఇంకో పెద్ద పరిశోధనలో, 70 నుంచి 89 ఏళ్ళ వయసులో ఎక్కువగా కూర్చునే అలవాటున్న 1,635 మందిని తీసుకున్నారు. కొందరికి నడక, బలం, తూకం వ్యాయామాలు నేర్పారు. మిగతావారికి ఆరోగ్యపాఠాలు చెప్పారు. రెండున్నరేళ్ళు పైగా చూస్తే, వ్యాయామం చేసినవాళ్ళలో పావు మైలు నడవలేని స్థితికి చేరడం సుమారు 18 శాతం తక్కువ.

కాబట్టి "ఈ వయసులో ఇంకేం వ్యాయామం లెండి" అనే మాటకి ఆధారం లేదు. ఈ వయసులోనే దాని అవసరం ఎక్కువ.

ఎంత చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 దాటినవారికి చెప్పింది ఇది. వారానికి కనీసం 150 నిమిషాలు, వీలైతే 300 నిమిషాల దాకా, ఓ మోస్తరు వేగంతో నడక లాంటి పని. వారానికి కనీసం రెండు రోజులు కండలకి బలం ఇచ్చే వ్యాయామం. వారానికి మూడు రోజులైనా తూకం నిలుపుకునే అభ్యాసం. ఇంత చేయలేనివారు చేయగలిగినంత చేయాలి. కొంచెం చేసినా అసలు చేయకపోవడం కన్నా మేలే.

ఓ మోస్తరు వేగం అంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. సహస్రనామం గడగడా చదువుతూ నడవగలుగుతున్నారంటే వేగం కాస్త పెంచవచ్చు. రెండు ముక్కలు కూడా మాట్లాడలేకపోతే తగ్గించాలి.

మన వాళ్ళలో చాలామంది నడకతో ఆపేస్తారు. నడక గుండెకీ సుగరుకీ మంచిది. కానీ కుర్చీలోంచి లేవడానికీ, మెట్లెక్కడానికీ, పడబోయినప్పుడు నిలదొక్కుకోవడానికీ తొడల బలం, తూకం కావాలి. ఈ రెండూ ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు.

కుర్చీ పరీక్ష: చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని కూర్చోండి. 30 సెకన్లలో పూర్తిగా ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కపెట్టండి. 65 నుంచి 74 ఏళ్ళ మగవారు 12 కంటే తక్కువ, ఆడవారు 65 నుంచి 69 లో అయితే 11 కంటే, 70 నుంచి 79 లో అయితే 10 కంటే తక్కువ చేస్తే, పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. తిరుమల నుంచి వచ్చాక మా నాన్నగారు చేసినవి 7.

తూకం పరీక్ష: వంటింటి గట్టు పక్కన నిలబడి, ఒక పాదం ముందు ఇంకో పాదం మడమ-వేలు ఆనేలా పెట్టి 10 సెకన్లు నిలబడగలగాలి. పక్కన ఎవరినైనా ఉంచుకోండి. నిలబడలేకపోతే డాక్టరుకి చెప్పండి, ఫిజికల్ థెరపీకి పంపుతారు.

యాత్రకి పన్నెండు వారాలు

యాత్రకి టికెట్టు ముందుగా కొంటాం, గదులు ముందుగా బుక్ చేస్తాం. కాళ్ళని మాత్రం ముందుగా సిద్ధం చేయం. దీపావళి నుంచి రథసప్తమికి మూడు నెలలు పైనే ఉంటుంది. ఆ సమయం చాలు. మన అట్లాంటా చుట్టుపక్కల కార్తీకమాసమంతా నడకకి పెట్టింది పేరు. ఎండ పోతుంది, చలి ఇంకా ముదరదు.

మొదటి రెండు వారాలు: చదును నేల మీద పదేసి నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు. భోజనం అయ్యాక నడిస్తే సుగరుకి ఇంకా మంచిది. రోజు విడిచి రోజు కుర్చీలోంచి లేవడం 8 నుంచి 10 సార్లు.

మూడు, నాలుగు వారాలు: ఒకేసారి 20 నిమిషాలు, వారానికి అయిదు రోజులు. కుర్చీ వ్యాయామం రెండు విడతలు. పళ్ళు తోముకునేటప్పుడు ఒక చేత్తో గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి.

అయిదు, ఆరు వారాలు: 30 నిమిషాలు. శనివారం ఒక పెద్ద నడక, రెండు మైళ్ళు. దీనికి సిల్వర్ కామెట్ ట్రెయిల్ చాలా అనువైనది. పాత రైలు దారి మీద వేసిన బాట కనుక చాలావరకు చదునుగా ఉంటుంది, తారు వేసి ఉంటుంది. స్మర్నా దగ్గర మొదలై అలబామా సరిహద్దు దాకా 61 మైళ్ళు ఉంటుంది. భయపడకండి, మనకి రెండు చాలు!

ఏడు, ఎనిమిది వారాలు: ఎత్తుపల్లాలు. ఇంట్లో మెట్లు కమ్మీ పట్టుకుని అయిదుసార్లు ఎక్కి దిగడం. ఎక్కడం గుండెకి పరీక్ష, దిగడం మోకాళ్ళకి పరీక్ష. యాత్రలో మోకాళ్ళు పట్టేసేది ఎక్కువగా దిగేటప్పుడే. అందుకని దిగడం కూడా అభ్యాసం చేయాలి.

తొమ్మిది, పది వారాలు: శనివారం మూడు నాలుగు మైళ్ళు, యాత్రలో వేసుకునే బూట్లతోనే. కొత్త బూట్లతో యాత్రకి వెళ్ళడం కోరి పుండ్లు తెచ్చుకోవడమే.

పదకొండు, పన్నెండు వారాలు: కొండ. స్టోన్ మౌంటెన్ నడకదారి పైకి ఒక మైలు, ఎత్తు 786 అడుగులు. చివర నిటారుగా ఉన్నచోట పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయి. మొదటిసారి సగం దాకా వెళ్ళి వచ్చేసినా చాలు. కొండ ఎక్కలేనివారికి చుట్టూ అయిదు మైళ్ళ చెరోకీ ట్రెయిల్ ఉంది. సింహాచలంలో ఆషాఢ పౌర్ణమికి సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసే జనం మన వాళ్ళు. ఇక్కడ కొండ చుట్టూ అయిదు మైళ్ళలో కొంత నడవలేమా?

ఒక లెక్క చూడండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. ఎత్తులో చూస్తే దాదాపు మూడు స్టోన్ మౌంటెన్లు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు తక్కువ, 2,388. దూరం తక్కువ కనుక నిటారు ఎక్కువ. ఏది ఎంచుకున్నా, దారి తెరిచే వేళలు, చిన్న పిల్లల విషయంలో నిబంధనలు మారుతుంటాయి కనుక వెళ్ళేముందు దేవస్థానం వారి దగ్గర కనుక్కోండి.

బయలుదేరేముందు

గుండె: ఛాతీలో బరువు, నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి, మునుపు లేని ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరుని చూడాలి, నడక తరువాత. స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ అయినవారు నడవకూడదని కాదు. వాళ్ళకి కార్డియాక్ రీహాబ్ అని పర్యవేక్షణలో వ్యాయామం నేర్పే కార్యక్రమం ఉంటుంది. డాక్టరుని అడిగి అందులో చేరండి. నడుస్తుండగా ఛాతీ నొప్పి వస్తే "కొంచెం ఆగితే తగ్గుతుందిలే" అనుకోవద్దు. ఇక్కడ 911, మన తెలుగు రాష్ట్రాల్లో 108.

సుగరు: ఇన్సులిన్ గానీ గ్లైమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారికి ఎక్కువ నడిస్తే సుగరు బాగా పడిపోవచ్చు. నడకకి ముందు చూసుకుని, 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని బయలుదేరండి. జేబులో గ్లూకోజ్ మాత్రలు ఉండాలి. ఉపవాసం ఉండి కొండ ఎక్కే ఆచారం ఉన్నవారు ఈ మందులు వాడుతుంటే తప్పక డాక్టరుతో ముందే మాట్లాడాలి.

పాదాలు: ఇది మన వాళ్ళకి ప్రత్యేకం. చెప్పులు లేకుండా మెట్లెక్కుతామని మొక్కుకుంటాం. సుగరు వల్ల పాదాలు మొద్దుబారినవారికి రాయి గుచ్చుకున్నా, రాతి మెట్టు కాలుతున్నా తెలియదు. ఆ చిన్న గాయమే పుండై, వేలు తీసేసేదాకా వెళ్ళిన సందర్భాలు నేను చూశాను. పాదాల్లో స్పర్శ తగ్గినవారు దయచేసి ఆ మొక్కు మొక్కవద్దు. స్వామికి వేరే విధంగా చెల్లించండి. రోజూ రాత్రి పాదాలు అడుగు భాగంతో సహా చూసుకోండి. వంగలేకపోతే అద్దం వాడండి, లేదా మనవల్ని చూడమనండి.

విమానం: నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గంటా రెండు గంటలకోసారి లేచి నడవండి. కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించండి. పక్కవాళ్ళని లేపాలని మొహమాటపడకుండా నడవ పక్క సీటు అడిగి తీసుకోండి. మందులు చెక్-ఇన్ సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో, సీసాల్లోనే ఉంచండి. అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చేటప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే, ముందు నుంచీ ఉన్న జబ్బులకి ఎంతవరకు వర్తిస్తుందో చదివి తీసుకోండి.

ఎత్తైన చోట్లు: కేదారనాథ్ ఎత్తు 3,583 మీటర్లు, అంటే పదకొండు వేల అడుగుల పైమాట. బదరీనాథ్ కూడా పదివేల అడుగులు దాటుతుంది. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా, ఎంత ఆరోగ్యవంతులకైనా, ఎత్తు జబ్బు రావచ్చు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదటి లక్షణాలు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదు. మధ్యలో విశ్రాంతి రోజు ఉండాలి. హెలికాప్టరులో వెళ్ళేవారికి నడక శ్రమ తప్పుతుంది గానీ, ఒంటికి అలవాటు పడే సమయం కూడా దొరకదు. కూర్చున్నా ఆయాసం, తడబడే నడక, మాటలో తికమక కనిపిస్తే ఒకటే మందు, వెంటనే కిందకి దిగడం. దర్శనం కాలేదని ఆగవద్దు. ఎసెటజోలమైడ్ అనే మాత్ర కొందరికి ఉపయోగపడుతుంది. మీకు సరిపడుతుందో లేదో డాక్టరుని అడగండి.

యాత్ర అంటే ఇండియాలోనే చేయాలని లేదు. 62 దాటిన అమెరికా పౌరులకీ, గ్రీన్ కార్డు ఉన్నవారికీ నేషనల్ పార్కుల సీనియర్ పాస్ ఉంది. 80 డాలర్లు కడితే జీవితాంతం పనికొస్తుంది. మనకి కొన్ని గంటల దూరంలోనే స్మోకీ మౌంటెన్స్ ఉన్నాయి. ఆ పార్కులోకి ప్రవేశ రుసుము కూడా లేదు.

పిల్లలకి, కోడళ్ళకి, అల్లుళ్ళకి నాలుగు మాటలు

ఒకటి. "మీరు కూర్చోండి" అనే మాట మానేయండి. మంచినీళ్ళు వాళ్ళనే తెచ్చుకోనివ్వండి. కూరలు తరగడం, బట్టలు మడతపెట్టడం, తోటలో మిరప మొక్కలకి నీళ్ళు పోయడం, పిల్లల్ని బస్ స్టాప్ దాకా దింపి రావడం, ఇవన్నీ వాళ్ళ బలాన్ని కాపాడే పనులు. పని చెప్పడం అగౌరవం కాదు.

రెండు. వాళ్ళు డ్రైవ్ చేయలేరు. మా సబ్‌డివిజన్‌లా సైడ్‌వాక్ లేని చోట ఒంటరిగా నడవలేరు కూడా. అంటే నడక వాళ్ళ ఇష్టం మీద కాదు, మన టైము మీద ఆధారపడి ఉంది. వారానికి రెండు రోజులైనా పార్కుకో, చలి రోజుల్లో మాల్‌కో తీసుకెళ్ళండి. మీరు పక్కన నడిస్తే ఇంకా మంచిది. వాళ్ళు మనసులో మాట చెప్పేది అప్పుడే.

మూడు. పడతారన్న భయంతో నడక మాన్పిస్తే, బలం తగ్గి, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నడక ఆపకుండా ప్రమాదాన్ని తగ్గించండి. బాత్‌రూమ్‌లో పట్టుకునే కమ్మీలు, రాత్రి దీపం, జారే తివాచీలు తీసేయడం, కళ్ళ పరీక్ష, మత్తునిచ్చే మందులేమైనా ఉంటే డాక్టరుతో సమీక్ష. చేతికర్ర పట్టుకోవడానికి సిగ్గుపడేవారికి ట్రెక్కింగ్ కర్ర కొనివ్వండి. అది పట్టుకుంటే ముసలితనంలా అనిపించదు!

నాలుగు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మలకి "నడిస్తే అరిగిపోతాయి" అని చెప్పకండి. మోకాలి అరుగుదల ఉన్నవారికి తొడ కండరాల వ్యాయామం నొప్పి తగ్గించే మంచి మార్గాల్లో ఒకటి. మొదట్లో కొంచెం నొప్పి ఉండవచ్చు. మర్నాటికి తగ్గిపోతే కొనసాగించవచ్చు. మోకాలు వాచినా, మెలిపడి పట్టేసినా డాక్టరుకి చూపించండి.

మొక్కు బాకీ

తిరుమల నుంచి ఒంగోలు వచ్చాక, నాన్నగారి చేత కుర్చీ వ్యాయామం నేనే మొదలుపెట్టించాను. మేము తిరిగి వచ్చేశాక ప్రతి ఆదివారం ఫోను చేసి, "ఈ వారం ఎన్ని?" అని అడిగేదాన్ని. అమ్మ పక్కన కూర్చుని లెక్కపెట్టేది. ఆయన ఒకటి ఎక్కువ చెబితే అమ్మ ఫోను లాక్కుని ఒకటి తగ్గించేది. ఏడు ఎనిమిదయింది, ఎనిమిది పదయింది. మూడు నెలలకి 13. మళ్ళీ హైస్కూలు గ్రౌండు, ఆ తరువాత మేడ మెట్లు.

2016 జనవరిలో మేము సెలవులకి వెళ్ళినప్పుడు ఆయనే అన్నారు, "పోయినసారి బస్సులో వెళ్ళి దండం పెట్టుకొచ్చాను. మొక్కు బాకీ ఉండిపోయింది" అని. తెల్లవారకముందే అలిపిరిలో మొదలుపెట్టాం. గాలిగోపురం దగ్గర అరగంట, ఏడో మైలు ఆంజనేయస్వామి దగ్గర ఇంకో అరగంట ఆగాం. మోకాళ్ళ మెట్టు దగ్గర నా కాళ్ళు పట్టేస్తే, ఆయన నవ్వి, "కుర్చీ వ్యాయామం చెయ్యి అమ్మడూ" అన్నారు. మొత్తం ఆరు గంటలకి పైగా పట్టింది. అందరూ మమ్మల్ని దాటుకుని వెళ్ళారు. మాకేం తొందర లేదు.

ఇప్పుడు ఆయనకి ఎనభై దాటాయి. మెట్లెక్కడం లేదు, ఎక్కమని నేనూ అనను. రోజూ పొద్దున్నే గ్రౌండులో రెండు చుట్లు వేస్తారు. పాలు తానే తెచ్చుకుంటారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బాత్‌రూమ్‌కి వెళ్తారు. ఈ వయసులో అది ఏ కొండ ఎక్కినదానికీ తక్కువ కాదు. ఆయన మళ్ళీ మా ఇంటికి వచ్చినప్పుడు రిక్లైనర్ బేస్‌మెంటులోకి పోయింది.

ఈ కార్తీక వనభోజనాలకి నాదొక చిన్న మనవి. వంటలు వడ్డించేముందు, మన పెద్దవాళ్ళందరినీ కలుపుకుని పార్కులో ఒక చుట్టు నడుద్దాం. ఎవరి వేగం వాళ్ళది, ఎవరి కర్ర వాళ్ళది. అలసినవారితో ఒకరు ఆగుదాం. తిరిగి వచ్చాక మడత కుర్చీలు ఎలాగూ ఉంటాయి. ప్లేట్లు మాత్రం ఎవరివి వాళ్ళే తెచ్చుకుందాం.

గమనిక: ఇది అందరికీ వర్తించే సాధారణ అవగాహన కోసం రాసినది. మీ జబ్బులు, మీ మందులు తెలిసిన మీ డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టండి. మాట్లాడటం వాయిదా వేసి, ఆ వంకతో నడక కూడా వాయిదా వేయకండి.